అందరి హాజరు

తాత ఏనాడూ అనని మాట ఆ కోర్టు హాల్లో తాత నోటి నుంచే మోగింది.

"తల్లీ దేశమా! ఈ ప్రాణం నీకే!"

బోనులో తాత మైనపు బొమ్మ, దాని వెనక స్పీకరు. గొంతు మాత్రం టీవీలో టూత్‌పేస్టు అమ్మే నటుడిది. ఆ స్పీకరు బిగించింది ఆయన మనవరాలే, అక్కడ అందరూ సౌండు పిల్ల అని పిలిచే అమ్మాయి. మిల్లు సమ్మె, మేనేజరు హత్య, తాతకు ఉరి. దేశమంతా బడిలో చదువుకున్న విచారణ అది. ఇప్పుడు ఆ కోర్టునే మ్యూజియం చేస్తున్నారు.

హాలు ఊడుస్తున్న పెద్దమ్మ చీపురు ఆపింది. ఉరికి వెళ్ళినవాడి పెద్ద కూతురు ఆమె.

"ఎవడే వాడు?"

"తాతే, పెద్దమ్మా."

"మా నాన్నా? పిల్లి అరిస్తే ఉలిక్కిపడే మనిషి. ఇంత గొంతెక్కడిదే?"

తాత అసలు గొంతు ఎక్కడుందో సౌండు పిల్లకు తెలుసు. విచారణను అప్పట్లో రేడియో వాళ్ళు రికార్డు చేశారు. ఆ టేపు శుభ్రం చేసే పని తనకే వచ్చింది. వారం రోజులు గురగుర వింటూ కూర్చుంటే, సాక్షుల మాటల్లోంచి మిల్లు లేచొచ్చింది.

మిల్లు గేటు దగ్గర రోజూ హాజరు పిలిచేవాళ్ళు. ఎవరైనా ఆలస్యమైతే, వాళ్ళ పేరుకి వరసంతా కలిసి "ఉన్నా!" అనేది. ఎవరు రాలేదో సూపర్‌వైజరుకి అంతుపట్టేది కాదు. కోర్టులోనూ అంతే. జడ్జి తాత పేరు పిలిచాడు. బోనులో తాతతో నిలబడ్డ కార్మికులంతా "ఉన్నా!" అన్నారు.

అయినా తాతనే ఉరి తీశారు. ప్రభుత్వానికి కావలసింది ఒక్క తల.

ఇప్పుడు మ్యూజియం కాంట్రాక్టరుకీ అదే కావాలి.

"అందరూ అరిస్తే జనం ఎవర్ని చూడాలమ్మా? దేశానికి ఒక్క హీరో చాలు. అది కట్ చెయ్."

"మరి సమ్మె సంగతి సార్?"

"స్కూలు పిల్లలకి సమ్మె ఏం తెలుస్తుంది? దేశమంటే తెలుస్తుంది."

ఆ మధ్యాహ్నం చీపుర్లు, నిచ్చెనల మధ్య స్టోరు గదిలో పనివాళ్ళంతా కూడారు. ఊడ్చేవాళ్ళు, పెయింటరు, కరెంటాయన. ప్రారంభం రోజు అసలు టేపే వేద్దామంది సౌండు పిల్ల.

"పాత టేపు వేస్తే కడుపు నిండుద్దా?" కరెంటాయన కసిరాడు.

"నిండదయ్యా," అంది పెద్దమ్మ.

"మరెందుకీ గోల? ఉన్న పనీ ఊడుద్ది."

"ఊడుద్ది. ఆ రోజు మా నాన్న పక్కన నిలబడి అరిచింది మీ తాతేగా? బొమ్మ చేశారా ఆయనకి? గొంతు ఒక్కటే మిగిలింది. రేపు అదీ తీసేస్తున్నారు."

కరెంటాయన చేతిలో టెస్టరు జేబులో దోపుకున్నాడు.

"సౌండు గది తలుపుకి నేను అడ్డం కూర్చుంటా," అన్నాడు చివరికి. "నన్ను కదపాలంటే క్రేను కావాలి."

నవ్వారు. వాళ్ళు నవ్వింది అదే ఆఖరు.

ప్రారంభం రోజు షో కోసం మంత్రి హాలు దీపాలు ఆర్పించాడు, బోను మీద లైటు ఒక్కటే మిగిలింది. సౌండు పిల్ల టేపు పెట్టింది. గురగుర. జడ్జి దగ్గు. తాత పేరు. ఆపైన హాలు అదిరేలా, "ఉన్నా!"

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ గుంపులో తండ్రి గొంతు ఏదో ఆమెకి తెలియలేదు.

ఎవడో మెయిన్ స్విచ్ కొట్టేశాడు. చీకటి. జనం చప్పట్లు కొట్టారు. అదీ షోలో భాగమే అనుకున్నారు.

సౌండు గది తలుపు బద్దలవడానికి క్రేను అక్కర్లేకపోయింది. లాఠీలు సరిపోయాయి.

స్టేషన్లో అందర్నీ గోడకి నిలబెట్టారు. టేపు ఇన్‌స్పెక్టరు సొరుగులోకి పోయింది. అది మళ్ళీ బయటికి రాదు. రేపు పొద్దున టూత్‌పేస్టు గొంతే మోగుతుంది, పిల్లలు వరసకట్టి వింటారు. గోడ మూల కెమెరా తిరుగుతోంది. ఇందులోంచి ఏ ముక్క తీసేస్తారో కూడా సౌండు పిల్ల చెప్పగలదు.

ఇన్‌స్పెక్టరు ఆమె పేరు పిలిచాడు.

ఆమె నోరు తెరిచేలోపే కరెంటాయన పగిలిన పెదవితో అన్నాడు. పెద్దమ్మ అంది. గోడంతా అంది.

"ఉన్నా!"

"ఈ సోదంతా వద్దు," ఇన్‌స్పెక్టరు రైటరుతో అన్నాడు. "ఈ పిల్లనొక్కదాన్నే రాయి. ఒక్క పేరు చాలు."

రైటరు రాశాడు. ఆనాడు ఉరి ఆగలేదు, ఇవాళ ఈ రాతా ఆగలేదు.

రాసింది సరిచూసుకోవడానికి ఆ పేరే మళ్ళీ పిలిచాడు. ఈసారి పక్క లాకప్పులోంచి కూడా, వీళ్ళెవరో, వీళ్ళదేం కేసో తెలియని ఒక గొంతు బొంగురుగా అంది.

"ఉన్నా."