సాయంత్రం వాపు

పశువుల ఆసుపత్రిలో కట్లు కట్టే ఎందుకయ్య మేక కింది రెప్పను బొటనవేలితో లాగి, వెలుతురుకు తిప్పి చూశాడు. ఎర్రగా ఉండాల్సిన లోపలి చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. ప్రతిదానికీ "ఎందుకు?" అంటాడని ఆ పేరు పడింది. "ఆయన బుర్రలో పురుగుంది, దానికి మందు లేదు" అంటుంది భార్య.

డాక్టరు పేడ పరీక్ష చేశాడు. కడుపులో నట్టలు, రక్తం తాగే పురుగులు. మందు రాసి, "ఆలస్యమైంది, చూద్దాం" అన్నాడు. ఎందుకయ్య పొలమారకుండా మూతి పక్కనుంచి నెమ్మదిగా మందు పట్టాడు.

మేకను తెచ్చిన ఇస్త్రీ ఆవిడ గొణిగింది. "రోజూ సాయంత్రానికి దవడ కింద సంచిలా వాస్తుందన్నా. పొద్దున్నకి మాయం. చెప్తే నన్నే పిచ్చిదాన్ని చేస్తున్నారు."

అతను దవడ తడిమాడు. వాపు లేదు. ఎందుకు? రోజంతా కట్లు కడుతున్నా, సూదులు కడుగుతున్నా అదే ఆలోచన.

సాయంత్రం డ్యూటీ దిగి, ఉండబట్టలేక ఆవిడ కొట్టు వెనక పాకకు వెళ్లాడు. వాపు నిజమే! నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. అతని మొహం వెలిగిపోయింది.

"పగలంతా తల దించి మేస్తుంది కదా! రక్తం పలచబడి, నీరు దవడ కిందికి దిగుతోంది. రాత్రి తలెత్తి పడుకుంటే వెనక్కి పోతోంది. చూశావా చెల్లీ!" అంటూ పకపకా నవ్వాడు.

"నా మేక ప్రాణం మీదికొస్తే నీకు నవ్వొస్తోందా అన్నా?"

ఎందుకయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. మాట మార్చడానికి మూలనున్న దాని పాలుతాగే మేకపిల్లను ఎత్తుకుని రెప్ప చూశాడు. ఇంకా గులాబీరంగు పోలేదు.

"ఇది గట్టిదే. రేపు దీనికీ మందు పడదాం."

"మరి తల్లి?"

"పురుగులు చావాలి, రక్తం మళ్లీ ఊరాలి. అందాకా ఓపిక పట్టాలమ్మా" అన్నాడు. ఎవరు పట్టాలో చెప్పలేదు.

మర్నాడు డ్యూటీకి ముందే పాకకు వచ్చాడు. ఆవిడ పిల్లను ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పడుతోంది. తల్లిమేక మీద దుప్పటి కప్పి ఉంది.

"తెల్లారగట్ల పోయిందన్నా" అంది. "వాపు కూడా లేదు."

అతను దుప్పటి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏమీ అడగలేదు.

"నువ్వు చెప్పాక ఇంక తల దించనివ్వలేదు" అందావిడ గోడవైపు చూస్తూ.

అక్కడ మేకుకు, నిలబడ్డ మేక మూతికి సరిగ్గా అందేంత ఎత్తులో, చీరపేలికతో కట్టిన పచ్చటి కొమ్మ వేలాడుతోంది, ఒక్క ఆకూ తెగకుండా.