నా పదిహేనో ఏడు

తెల్ల ప్యాంటుకి అంటిన ఎర్రమట్టి ఒక్క ఉతుకుకి పోదు. సబ్బు రుద్ది, మోకాళ్ళ దగ్గర నిమ్మచెక్కతో తోమి, ఎండలో నానబెట్టి, మళ్ళీ తోమాలి. మా అన్నయ్య పేరు అన్యెలో. రోజూ బేస్‌బాల్ మైదానంలో నేలమీద పడి జారతాడు. రోజూ నేను తోముతాను. దండెం నిండా వాడి బట్టలే. నా నెలసరి గుడ్డలు మాత్రం మంచం కింద ఆరాలి. "అమెరికా జట్ల అకాడమీ వాళ్ళు ఏ పూట వస్తారో తెలీదు. నువ్వింకా చిన్నపిల్లవని గుర్తుంచుకో. పన్నెండేళ్ళు నీకు" అంటుంది అమ్మ.

నాకు పన్నెండు కాదు. వచ్చే నెలకి పదిహేను నిండుతాయి.

అన్నయ్యకి ఆట నేర్పే రదమెస్ మాస్టారు ఒకరోజు మా బల్ల దగ్గర కూర్చుని కోడికాలు కొరుకుతూ తేల్చేశాడు. "అక్కా, వీడి విసురు బావుంది. వయసే బాగాలేదు. పదిహేడంటే అమెరికా వాళ్ళకి ముసలాడి కింద లెక్క. పదిహేనైతే అకాడమీలో పెట్టుకుని, తిండి పెట్టి మరీ తయారుచేస్తారు." అమ్మ మా ఇద్దరి పుట్టుకా ఎక్కడా నమోదు చేయించలేదు. అదే కలిసొచ్చిందన్నాడు. అన్నయ్యకి రెండేళ్ళు తగ్గించి రాయిస్తానన్నాడు. అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. "అరె, ఇదొకటుందిగా! వాడికి సమానమైపోతుంది. దీనికీ రెండేళ్ళు కోసేద్దాం."

"పాపం, పదిహేనో పుట్టినరోజు చేద్దామనుకున్నా" అంది అమ్మ. మా దగ్గర ఆడపిల్లకి అది పెళ్ళంత వేడుక.

"వయసు తగ్గిందని ఏడ్చిన ఆడదాన్ని ఎక్కడైనా చూశావా అక్కా?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను గిన్నె అడుగున అన్నం మాడు గీకుతున్నాను. కోడి అన్నయ్యకి, కండ పట్టాలి కాబట్టి. మాడు నాకు.

పుట్టినరోజు గౌనుకని అమ్మ దాచిన గులాబిరంగు గుడ్డ వచ్చేవాళ్ళకి ఇల్లు బాగా కనబడాలని లోపలి గది గుమ్మానికి కర్టెనయింది. టీచర్లకి నా అసలు వయసు తెలుసు కాబట్టి నన్ను ఎనిమిదో తరగతి మధ్యలో మాన్పించారు. తర్వాత వేరే ఊళ్ళో మళ్ళీ ఆరులో చేరుదువుగానిలే అన్నారు. ప్యాంట్లు తోముతున్నంతసేపూ నేను ఒకటే ఆలోచిస్తాను. కోసేసిన ఆ రెండేళ్ళు ఏవి? అమ్మ జ్వరంతో మంచం పట్టినప్పుడు పొద్దున లేచి నీళ్ళు మోసి, వంటచేసి, బడికి పరిగెత్తిన ఏడాదా? తుఫానుకి రేకులు ఎగిరిపోతే తడిసిన పరుపులన్నీ ఒక్కదాన్నే బయటికి లాగిన ఏడాదా? లెక్కల్లో క్లాసుకే ఫస్టొచ్చిన ఏడాదా? నేను బతకనట్టేనా అవి? అయితే అప్పుడు అంట్లెవరు తోమారు?

అన్నయ్య చెడ్డవాడు కాదు. సాయంత్రాలు వాడి మోచేతికి ఐసుగడ్డ పెట్టేది నేనే. "కోపమా యుదెల్కా? ఐదో తరగతి దాటి నాకేమొచ్చు చెప్పు, ఈ చెయ్యి తప్ప? అదీ నొప్పెడుతోంది. మాస్టారికి చెప్పకేం" అన్నాడు మొన్న. చెప్పలేదు. నేను ఎవరికీ ఏదీ చెప్పను. అందరి ధీమా అదే.

ఇవాళ పొద్దున అకాడమీ నుంచి అన్నయ్య వయసు విచారణకి మనిషి వచ్చాడు. అమ్మ నాకు చిన్నపిల్లలా జడలల్లి, చివర్లకి రంగుపూసలు గుచ్చింది. "అడిగితే పన్నెండను. ఇంకేం మాట్లాడకు. ఎలాగూ మాట్లాడవులే!" అని మాస్టారు నవ్వాడు. కాఫీ పెట్టి ఇచ్చి, కర్టెన్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఆయన అమ్మని అడిగాడు. అన్నయ్యని అడిగాడు. పక్కింటి మినెర్వాని పిలిపించి అడిగాడు. అందరూ అన్నయ్యకి పదిహేనే అన్నారు.

"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"చిన్నది ఉందండీ, పన్నెండేళ్ళది" అంది అమ్మ. "బడి మానేసింది. చదువంటే బొత్తిగా ఇష్టం లేదు దానికి."

"సరే, చిన్నపిల్లతో పనేముంది" అని ఆయన లేచాడు.

మాస్టారు అన్నయ్య భుజం తట్టాడు. గుడ్డ సందులోంచి చూస్తూనే ఉన్నాను. అన్నయ్య నవ్వుతూ, తనకి తెలియకుండానే మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి తప్ప వాడికింకేం లేదని నాకు తెలుసు. బాగా తెలుసు. అయినా నా చెయ్యి కర్టెన్ని పక్కకి జరిపింది. జడల చివర పూసలు చప్పుడు చేశాయి. అందరూ ఇటు తిరిగారు.

"నాకు చదువంటే ఇష్టమేనండీ" అన్నాను. "వచ్చే నెలకి పదిహేను నిండుతాయి. అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద."