నిమ్మచెట్టు మీద బొంత

1990 డిసెంబరు సాయంత్రాల్లో ఎవరైనా కువైట్‌లో, రుమైథియా పేటలోని ఆ ఇంటి గోడమీంచి తొంగిచూసి ఉంటే, ఇద్దరు ఆడవాళ్ళు చెట్లకి దుప్పట్లు కప్పుతూ కనిపించేవారు. దేశమంతా ఇరాక్ సైనికుల చేతిలో ఉంది. సందు చివర ఇసుక బస్తాలు, వాటి వెనక తుపాకులు. సగానికి పైగా ఇళ్ళు ఖాళీ. అలాంటి చోట, ఎండ గోడ దిగిపోయే వేళకి, ఒకామె కొమ్మల్ని దగ్గరికి పట్టుకుంటే రెండో ఆమె గోనెపట్టా చుట్టి తాడు బిగించేది. పసిపిల్లకి ఉన్నిటోపీ పెట్టినంత శ్రద్ధగా చేసేవారు ఆ పని. చూసినవాళ్ళకి ముచ్చటేసి ఉండేది.

కొమ్మలు పట్టుకునే ఆమె కనకవల్లి. తాడు బిగించే ఆమె శివపార్వతి. పని ముగిశాక కనకవల్లి మెట్లెక్కి పై వాటాలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకునేది. శివపార్వతి పెరటిగోడని ఆనుకుని ఉన్న పంపుగదిలోకి వెళ్ళేది. గోడమీంచి చూసేవాళ్ళు అంతసేపు ఆగరు కనక ఈ చివరి సంగతి వాళ్ళకి తెలియదు. తెలిసి ఉండవలసిన కనకవల్లికి కూడా అది ఒక సంగతిలా తోచలేదు.

కనకవల్లిది విజయవాడ. భర్త వరప్రసాద్ సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారంలో ఇంజనీరు. ఆగస్టులో సైన్యం వచ్చాక, తక్కిన భారతీయులంతా ఎడారి దాటి విమానాలెక్కుతుంటే, నీళ్ళు ఆగిపోకూడదని అతన్ని కదలనివ్వలేదు. పిల్లలు వేసవి సెలవులకి అమ్మమ్మ ఇంటికి వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోయారు. భర్తని వదిలి వెళ్ళనని కనకవల్లి ఉండిపోయింది.

కింది వాటాలో చియో అనే జపాన్ ఆవిడ, ఆవిడ భర్త ఉండేవారు. వచ్చీరాని ఇంగ్లీషులోనే ఇద్దరాడవాళ్ళకీ స్నేహం కుదిరింది. చియోది మంచు బాగా పడే కొండపల్లె. శీతాకాలం వస్తోందంటే అక్కడ పెరట్లో ప్రతి చెట్టుకీ గడ్డిచాప చుట్టి, కొమ్మల్ని తాళ్ళతో పైకి కడతారట, మంచు బరువుకి విరిగిపోకుండా. ముల్లంగి దుంపల్ని పీకి, మళ్ళీ మట్టిలోనే కుప్పగా పాతి, పైన గడ్డి కప్పుతారట. కావలసినప్పుడు మంచు తవ్వి తీసుకోవడమే. తొక్క తీసిన పండ్లని తాడుకి గుచ్చి చూరుకి వేలాడదీస్తారట. మంచు కిటికీలదాకా పేరుకున్న రోజుల్లో ఇంటిమధ్య నిప్పులగుంట మీద పీట, పీట మీద పెద్ద బొంత పరిచి, ఇంటిల్లిపాదీ ఆ బొంతకింద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారట. పొలం పనికి వచ్చే ముసలమ్మ కూడా అక్కడే కూర్చుని గింజలు వొలిచేదని చియో చెప్పింది.

"పనిమనిషి కూడానా? అదే బొంత కిందా?" అని కనకవల్లి అడిగింది.

చియో కాసేపు ఆలోచించింది. ప్రశ్నలో ఏదో మాట తనకి అర్థంకాలేదనుకుని, అవును, ఆవిడకీ కాళ్ళు చల్లబడతాయి కదా, అంది.

కువైట్‌లో కాలం తలకిందులు. వేసవిలో చచ్చిన నేల చలికాలంలో లేస్తుంది. అక్టోబరులో విత్తనం వేసి, ఏప్రిల్‌దాకా తినాలి. అది తెలిసి చియో తన ఊరి పద్ధతుల్ని ఈ ఇసుకకి సర్దుకుంది. ఎడారి రాత్రుల ఉత్తరపుగాలికి నిమ్మ, టమాటా మాడిపోకుండా పొద్దుగూకేసరికి కప్పడం, ఎండ రాగానే తీసెయ్యడం కనకవల్లికి నేర్పింది ఆవిడే. ఆగస్టులో తమ ఎంబసీ పిలిచిందని ఒక్క సూట్‌కేసుతో బయలుదేరుతూ తాళంచెవి కనకవల్లి చేతిలో పెట్టి, ఇల్లు నీదే అనుకో, తోట చూడు, అంది.

శివపార్వతి అక్టోబరులో వచ్చింది. రాయచోటి దగ్గర పల్లె. ఆమె పనిచేసే ఇంటివాళ్ళు వేసవికి లండన్ వెళుతూ ఈమెని ఇంటికి కాపలా ఉంచారు. తిరిగి రాలేదు. ఎదురింట్లో సైనికులు మకాం పెట్టేసరికి బెదిరిపోయి, కిరాణాకొట్టు దగ్గర రెండుమూడుసార్లు తెలుగు మాట్లాడిన పరిచయంతో కనకవల్లి గేటు పట్టుకుని నిలబడింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ. కనకవల్లి లోపలికి రమ్మంది. గేటు లోపలికి.

కులం అడగకుండానే తెలుసుకునే విద్య మనలో చాలామందికి వచ్చు. కనకవల్లి అన్నం పెడుతూ, మీ ఇళ్ళు ఊళ్ళో ఏ వైపు అని అడిగింది. శివపార్వతి ముద్ద మింగి, "మా ఇండ్లు ఊరికి అవతల ఉంటాయిలే అక్కా" అంది. అది అడిగిన ప్రశ్నకి జవాబు. అడగని ప్రశ్నకి కూడా.

ఆ పూట నుంచి ఆమె పళ్ళెం వేరైంది. అక్కా అంటే కనకవల్లి ఒకటికి రెండుసార్లు వినిపించుకోలేదు. మూడోనాటికి శివపార్వతి, కువైటీ యజమానురాలిని అరబ్బీలో పిలిచినట్టే, మామా అనడం మొదలుపెట్టింది. కనకవల్లి వెంటనే పలికింది.

కింది వాటాలో మూడు గదులున్నాయి. మంచాలు, హీటర్లు ఉన్నాయి. తాళంచెవి కనకవల్లి కొంగుకే ఉంది. అయినా శివపార్వతిని పంపుగదిలో పడుకోమంది. ఇందుకు కనకవల్లి మనసు ఆమెకి వరసగా కారణాలు అందించింది. పరాయివాళ్ళ ఇల్లు, వాళ్ళ నమ్మకం. సైనికులు సోదాకి వస్తే ఏం చెప్పాలి? ఒక వస్తువు పోతే ఎవరు జవాబుదారీ? వీటిలో ఏదీ అబద్ధం కాదు. అసలు కారణం దాక్కోవడానికి నిజమైన కారణాలకంటే మంచి చోటు దొరకదు. తను ఒక దిక్కులేని ఆడమనిషిని కాపాడుతున్నానని కనకవల్లి మనస్ఫూర్తిగా నమ్మింది. విజయవాడ చేరాక చెప్పుకోవడానికి వాక్యాలు కూడా లోపల తయారుచేసుకుంది.

అయితే, చలి ముదిరి గోనెపట్టాలు చాలనప్పుడు, ఆ పరాయి ఇంటి తాళం ఆమే తీసింది. చియో బీరువాలోంచి రెండు కంబళ్ళు, కింద పరుచుకునే చాపలు తెచ్చింది. పల్లెనుంచి చియో మోసుకొచ్చిన పెద్ద బొంత నిమ్మచెట్టుకి సరిగ్గా సరిపోయింది. తోట చూడమంది కదా, ఆవిడ సంతోషిస్తుంది అనుకుంది. కప్పింది శివపార్వతి చేతులే.

జనవరి మొదటివారం. యుద్ధం ఏ క్షణాన్నయినా మొదలవుతుందని రేడియో చెబుతోంది. ఆ సాయంత్రం ఉత్తరపుగాలి కోస్తోంది. చెట్లన్నీ కప్పడం అయ్యాక శివపార్వతి వెళ్ళకుండా నిలబడింది.

"మామా, ఇంగొక దుప్పటి ఉంటే ఈయమా. గది సిమెంటు శానా చల్లగుండాది."

కనకవల్లి చుట్టూ చూసింది. కంబళ్ళు టమాటాల మీద, బొంత నిమ్మచెట్టు మీద. ఇంట్లో ఉన్నవి తనవీ భర్తవీ. "ఇవాళ్టికి సర్దుకో. రేపు చూద్దాం. కుంపటి పెట్టుకో, బొగ్గులిస్తాను" అంది. బొగ్గులు నిజంగానే ఒక చేటెడు ఇచ్చింది. మెట్లెక్కుతుంటే ఆమెకి తన మంచితనం వెచ్చగా తగిలింది.

మర్నాడు పొద్దున పొగమంచు పట్టింది. అది విడి ఎండ వచ్చేసరికి కనకవల్లి కిటికీలోంచి చూసింది. చెట్ల మీద కప్పినవి కప్పినట్టే ఉన్నాయి. ఎండ రాగానే తీయకపోతే లోపల చెమ్మకి ఆకులు కుళ్ళుతాయి. ఆమెకి చిరాకేసింది. పైనుంచి రెండు కేకలేసింది. జవాబు లేదు. నాలుగు రోజులు మెత్తగా చూస్తే నెత్తికెక్కుతారు అనుకుంటూ కిందికి దిగి, తనే తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ముందు టమాటాలు. తర్వాత క్యాబేజీ మడి. తర్వాత నిమ్మచెట్టు బొంత దించి, దులిపి, మడతపెట్టి అరుగు మీద ఉంచింది. పండుబారిన రెండాకులు గిల్లిపారేసింది. అప్పుడు వెళ్ళి పంపుగది తలుపు తట్టింది.

తలుపు తోస్తే వేడిగాలి మొహానికి కొట్టింది. గాలి రాకుండా కిటికీ సందులో గుడ్డలు కుక్కి ఉన్నాయి. కుంపట్లో బూడిద కింద నిప్పు ఇంకా ఉంది. శివపార్వతి తలుపు వైపు చెయ్యి చాచి, బోర్లా పడి ఉంది. పక్కన వాంతి. ఊపిరి ఉందో లేదో తెలియలేదు.

వరప్రసాద్ రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతున్నవాడు భార్య కేకకి లేచి పరిగెత్తుకొచ్చాడు. ఆమెని ఎత్తి బయటికి తెచ్చి, కారు తీశాడు. పారిపోవలసి వస్తే పనికొస్తుందని దాచిన పెట్రోలు అది. ఆ ఆలోచన కనకవల్లికి వచ్చింది కూడా. రావడం ఆమెకి తెలిసింది. కారు వెనకసీట్లో శివపార్వతి తల మొదటిసారి ఆమె ఒళ్ళో ఉంది. నూనె లేని జుట్టు, బొగ్గు వాసన.

మూసిన గదిలో బొగ్గుల విషవాయువు పీల్చిందని ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి శివపార్వతి కళ్ళు తెరిచింది. గది చుట్టూ చూసి, కనకవల్లిని గుర్తుపట్టి, పెదవులు కదిపింది. కనకవల్లి వంగి చెవి పెట్టింది.

"మొక్కల మీద దుప్పట్లు తీయల్యా మామా. పొద్దు పైకొచ్చినట్టుంది."

ఆ సమయానికే డాక్టర్ రమణి మంచం దగ్గరికి వచ్చింది. హైదరాబాద్ ఆవిడ. ఉండిపోయిన కొద్దిమంది డాక్టర్లలో ఒకరు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎవరు పెట్టారు, ఈ అమ్మాయి ఎక్కడ పడుకుంటుంది అని అడిగింది.

"మా ఇంట్లోనేనండీ, మా మనిషిలాగే" అని కనకవల్లి నోరు చెప్పింది. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే భయమేసింది.

డాక్టరు మంచం వైపు చూసింది. శివపార్వతి కనకవల్లిని ఒక క్షణం చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇలాంటి సమయాల్లో పెద్దవాళ్ళకి ఏం కావాలో తెలిసినదాని ఓపిక ఉంది. "అవును మేడం" అంది సన్నగా. "వాళ్ళింట్లోనే. మామా బాగా చూసుకుంటాది. నేనే తెలీక కుంపటి పెట్టుకున్యా."

నేరం చేసి పట్టుబడ్డప్పుడు కలిగే సిగ్గు ఒకటుంది. దాన్ని బుకాయించవచ్చు. కానీ మన చేతిలో దాదాపు చచ్చిపోయిన మనిషి మన పరువు కాపాడడానికి అబద్ధం ఆడినప్పుడు కలిగే సిగ్గుకి బుకాయింపు లేదు. వరప్రసాద్ నేల చూస్తున్నాడు. మూడు నెలలుగా అతనికీ పంపుగది తెలుసు.

"కాదండీ," అంది కనకవల్లి. "బయట పంపుగదిలో పడుకోబెట్టాను. దుప్పటి అడిగితే బొగ్గులిచ్చాను. దుప్పట్లు చెట్లకి కప్పాం."

డాక్టరు ఆమెని తిట్టలేదు. మామూలుగానే మరో ప్రశ్న అడిగింది. "పొద్దున లేవకపోతే వెంటనే చూశారా?"

"లేదు. ముందు మొక్కల మీదవి తీశాను. అన్నీ తీశాక వెళ్ళాను."

డాక్టరు నాడి చూసి వెళ్ళిపోయింది. ఆ వార్డులో నేల తుడిచే దిల్షాద్ బీ మాత్రం తుడవడం ఆపి నిలబడిపోయింది. ఆమెదీ రాయచోటే. పొద్దున వరప్రసాద్ ఊరి పేరు చెబుతుంటే విని, తమ వైపు పిల్లేనని తెలిసి, అప్పటినుంచీ రెండుసార్లు వచ్చి నుదురు తాకి చూసిపోయింది.

శివపార్వతి నడవగలిగిన రోజున కనకవల్లి భర్తతో కారు తీసుకుని వచ్చింది. కింది వాటా తాళం తీసి, పక్క వేసి, హీటరు పెట్టి వచ్చింది. ఆ మాట దారిలో నాలుగైదు రకాలుగా అనుకుని, చివరికి తలొంచుకునే చెప్పింది. "కింద గది సిద్ధం చేశాను శివపార్వతీ. ఇంటికి వెళదాం."

శివపార్వతి ప్లాస్టిక్ సంచీ సర్దుకుంటోంది. "నేను దిల్షాద్ బీతో పోతా మామా" అంది.

ఆసుపత్రి వెనకే పనివాళ్ళ బిల్డింగు. ఒక గదిలో ఏడుగురు ఆడవాళ్ళు ఉంటున్నారట. కిటికీకి అద్దం కూడా లేదట, అట్టముక్క పెట్టుకున్నారట. అంత ఇరుకులో ఎలా ఉంటావని కనకవల్లి అడిగింది. అడుగుతున్నప్పుడే తన గొంతులో బతిమాలడం వినిపించింది.

"ఇరుకే మామా. అయితే లోపలే గదా" అంది శివపార్వతి. దెప్పుతున్నట్టు లేదు. ఉన్నమాట చెబుతున్నట్టు చెప్పింది.

దిల్షాద్ బీ సంచీ అందుకుంది. కనకవల్లి మొహం చూసి, వెళ్ళబోతున్నది ఆగింది. "అమ్మా, నువ్వు చెడ్డదానివని నేననను. ఈ కరువులో అన్నం పెట్టినావు. దాపు ఇచ్చినావు. ఈ పిల్ల అది మర్చిపోదు. అయితే ఒగ మాట చెప్తా, తప్పుగా అనుకోవాకు. మనం ఎంత పెట్టినామని మనం లెక్క చూసుకుంటాం. తినేవాళ్ళు యాడ కూచోబెట్టి పెట్టినామని చూసుకుంటారు." అంతే అని, పిల్ల భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయింది.

వాళ్ళు మలుపు తిరిగేదాకా కనకవల్లి చూసింది. శివపార్వతి వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగి చూసి ఉంటే చెయ్యెత్తాలా, నమస్కారం పెట్టాలా, కనకవల్లికి తెలియలేదు. వరప్రసాద్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "మనిద్దరం చేశాం" అన్నాడు. అది ఓదార్పు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆగస్టు నుంచీ దేశం ఆక్రమించినవాళ్ళ దుర్మార్గం గురించి కనకవల్లి ఎంతో మాట్లాడి ఉంది. పక్కవాడి ఇల్లు తనదనుకున్నారు, మనుషుల్ని బయటికి తోశారు అనేది. అవన్నీ నిజాలే. ఇప్పుడు ఆ మాటలు గుర్తుకొచ్చి ఆమె కారు అద్దానికి మొహం తిప్పుకుంది. వచ్చినవాళ్ళు తుపాకీ పట్టుకుని చేసిన పనిని తను ఒక తలుపు గడియతో చేసింది. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ తప్పనలేదు. సముద్రం దాటి వచ్చిన ఒక మనిషిని మళ్ళీ ఊరికి అవతలే ఉంచడానికి, అన్నం పెట్టే చెయ్యి ఒక్కటి చాలింది.

అన్నం పెట్టామని, పని ఇచ్చామని, చలికి బొగ్గులిచ్చామని మనం ఎంత మురిసిపోయినా సరే, మన గడప లోపల చోటివ్వని మనిషికి మనం మేలు చేశామని చెప్పుకునే హక్కు మనకి లేదు.