ఆడచేపలన్నీ బూడిదరంగే

భార్య తమ్ముడి రంగుచేపల దుకాణం గడప జన్మలో తొక్కనన్న పంపుల మెకానిక్, ఏడాది తిరక్కుండానే తొక్కాడు. తొక్కక తప్పలేదు. భార్య పెంచిన సిక్లిడ్ చేపల్లో ఇంట్లో మిగిలింది ఒక్క మగది. నీలం ఒళ్ళు, పసుపు తోక. ఆ రకం ఆడవి ఊళ్ళో ఉన్నది ఈ దుకాణంలోనే. అవీ ఆమెవే. ఆమె చనిపోయిన వారానికే "అక్క నాకిస్తానంది" అంటూ బావమరిది వాటిని బకెట్లో పోసుకుని పట్టుకుపోయాడు.

"ఈ జాతిని చెడనివ్వకు." మంచం పట్టాక ఆమె అడిగింది అదొక్కటే. మగది ముసలిదైపోతోంది. త్వరలో పిల్లలు పుట్టకపోతే ఆమె అడిగింది నీళ్ళపాలే.

"ఎవరో అనుకున్నా. బావగారా!" బావమరిది కౌంటర్ వెనక నుంచి లేవలేదు. "దారి తప్పావా?"

"ఆడవాటి కోసం వచ్చా."

"ఈ వయసులోనా?"

మెకానిక్ నవ్వలేదు. "మీ అక్క చేపలు ఏవిరా?"

బావమరిది బొటనవేలితో తన వెనకున్న తొట్టి చూపించాడు. దాన్నిండా ఆడచేపలు, ఆమె పెంచినవాటికంటే చాలా ఎక్కువ, అన్నీ బూడిదరంగువే. మెకానిక్‌కి ఒళ్ళు మండింది. వీడు వాటిని ఎక్కడబడితే అక్కడ దొరికే మామూలు రకంతో కలిపేశాడు. ఆ మామూలు రకం మగదాన్ని ఎర్రతోక చూసి గుర్తుపట్టొచ్చు. ఆడవాటికి ఆ తేడా లేదు. అదే బూడిద, అదే మూతి, అదే పొడుగు. పొరపాటున వేరే రకం ఆడదాన్ని తెచ్చి వదిలినా మగదానికి పట్టింపు లేదు, జత కట్టేస్తుంది. పుట్టేవి సంకరపు పిల్లలు.

"బుద్ధుందిరా నీకు? అన్నీ ఒక్కచోట పోశావేంటి?"

"ఇంకో తొట్టి పగిలింది. నెత్తిన పెట్టుకుని తిరగమంటావా? ఆడది ఆడదే. ఏదో ఒకటి పట్టుకుపో."

"మీ అక్క ఉంటే చెప్పుతో కొట్టేది."

"అక్క నన్నెప్పుడూ కొట్టలేదు బావా. నువ్వే, దాన్ని అరిచి అరిచి చంపావు. నువ్వు నోరెత్తితే చేపలు కూడా బెదిరిపోయి ఒంటిమీద చారలు కట్టేవంట. నాతో చెప్పుకుని ఏడ్చేది."

"నోర్ముయ్!" మెకానిక్ పిడికిలి కౌంటర్ మీద దిగింది. "దాని మంచం ఎత్తకముందే బకెట్ పట్టుకొచ్చిన ముదనష్టపు వెధవ్వి! నువ్వా నాకు చెప్పేది?"

ఇంకా తిట్టేవాడే. బావమరిది భుజం మీదుగా తొట్టి కనిపించి గొంతు ఆగింది. చేపలు మూలకి ఒదిగి చారలు కట్టాయి. కొన్నింటికి వీపు నుంచి పొట్టకి దిగే నల్లటి పట్టీలు. మిగతావాటికి కంటి దగ్గర్నుంచి తోకదాకా ఒకటే పొడుగు గీత. ఆ గీత మెకానిక్‌కి బాగా తెలుసు. తన ఇంట్లో ఏళ్ళ తరబడి చూసిందే.

బావమరిది వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి గొంతులో తేనె ఊరింది.

"అవును బావా, అక్క చెప్పేది. బెదిరితే తేడా తెలుస్తుందని. మన చేపలు ఏవి, పట్టీలవా, గీతవా?"

మెకానిక్‌కి ఆ గొంతూ తెలుసు. బకెట్ పట్టుకొచ్చి చేపలు అడిగినప్పుడూ ఇదే గొంతు. చెప్పిన మరుక్షణం అవి ఎవడో డబ్బున్నవాడి హాల్లోకి చేరతాయి.

"చెప్పను."

"చెప్పకపోతే ఒక్కటీ బయటికి పోదు."

మెకానిక్ పళ్ళు నూరాడు. నేల చూశాడు. ఓడిపోయినవాడిలా నిలబడి, "పట్టీలవి" అన్నాడు.

బావమరిది చిన్న వల తీశాడు. వల నీళ్ళలో పడేసరికి చారలు ఇంకా నల్లబడ్డాయి. పట్టీలవాటినన్నిటినీ ఒక్కొక్కటే ఏరి శుభ్రమైన తొట్టిలోకి మార్చాడు.

"ఇవి నావి. నీకు ఇచ్చేది లేదు. ఆ గీతలవి ఊరికే పట్టుకుపో, నీ మగదానికి కాలక్షేపం."

"దొంగముండాకొడకా."

"పిల్లలు ఎలా పుట్టినా నన్నడక్కు." నవ్వుతూ గీతల చేపల్ని పెద్ద సంచిలోకి దించి, గాలి పట్టించి, రబ్బరుబ్యాండు బిగించాడు.

మెకానిక్ సంచి అందుకుని తలుపు దాకా వెళ్ళాడు.

"బావా, ఆగు."

బావమరిది చేతిలో చిన్న సంచి ఉంది. అందులో ఒకటే చేప, పట్టీలది. మొహం పక్కకి తిప్పుకుని ఆ చెయ్యి చాచాడు. గొంతులో ఈసారి తేనె లేదు.

"అక్కది. ఒక్కటైనా నీ దగ్గరుండనీ. మంచిది చూసి తీశా."

వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. మెకానిక్ ఆ చేప వైపు చూశాడు. నాలుక చివరిదాకా వచ్చింది నిజం. చెబితే చేతిలోని సంచి లాక్కుంటాడు. లాక్కోడేమో కూడా. తేల్చుకోవాలని అతనికి అనిపించలేదు.

"నీ చేత్తో ఇచ్చేది నాకేమీ వద్దు."

"అక్క కోసం కూడానా?"

"మీ అక్క కోసమే."

బావమరిది చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దించేశాడు.

"నీది గుండె కాదు బావా. పో. ఇంక నీ మొహం నాకు చూపించకు."

మెకానిక్ సంచికి ఎండ తగలకుండా తువ్వాలు కప్పి వీధిలోకి దిగాడు. అద్దం అవతల బావమరిది చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ముంచి, ఆ ఒక్క చేపనీ మెల్లగా, దెబ్బ తగలకుండా, శుభ్రమైన తొట్టిలోకి వదులుతున్నాడు.