మూడో షరతు

జమ్మలమడుగులో వేదవ్యాస తన హాలు గోడకు రాతి పలకలు తానే అతికించుకోవాలని పూనుకోవడానికి కారణం రాయి మీద ప్రేమ కాదు, బామ్మర్ది మీద మంట. ఆ బామ్మర్ది అనంతకృష్ణకు పులివెందులలో కొత్తిల్లు. అందులో టీవీ వెనక గోడంతా రాతి పలకలే. గృహప్రవేశానికి పోయిన వేదవ్యాస ఆ గోడను ఒకసారి తడిమి, "దీంట్లో ఏముందిలే, మనమే చేసుకోవచ్చు" అన్నాడు. నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. అనంతకృష్ణ పదిమందిలో పకపకా నవ్వి, "నువ్వా బావా? మీ ఇంట్లో మేకు కొట్టాలన్నా మా అక్కే గదా కొట్టేది!" అన్నాడు. అది నిజం కావడం వల్ల మరీ మండింది.

"వచ్చే నెల మా ఇంటికి రా. ఎవరు చేసినారో అప్పుడు అడుగు" అని వచ్చేశాడు. అడిగితే ఏమనాలో కూడా తిరుగు బస్సులోనే ఖాయం చేసుకున్నాడు. ఒకటే మాట, "నేనే" అని. అంతకు మించితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది.

ప్రొద్దుటూరు పోయి పలకలూ, జిగురు పొడీ కొనుక్కొచ్చాడు. పెట్టెలో ఒక కాగితం ఉంది. తాసిల్దారు ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ల గుమాస్తా కదా, కాగితమంటే భక్తి. నాలుగుసార్లు చదివాడు. గోడకున్న రంగూ, పాత పూతా గీకేసి, గట్టి గోడ తగిలాకే పలక అతికించాలనేది మూడో షరతు. వేదవ్యాస దాని పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి ముందుకు పోయాడు. షరతులు ఉండేది టిక్కు పెట్టడానికేనని సర్వీసంతా చూసిన మనిషి.

పక్కింటి ఖలందర్ పదహైదేళ్లు కువైట్‌లో గోడలకు రాళ్లు అతికించి వచ్చినవాడు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి గోళీలాడారు. ఆయన కిటికీలోంచి చూసి ఆగాడు.

"గోడ గీకినావా సామీ?"

"అన్నీ చూసుకున్యాలేప్పా. కాగితముంది."

"నేనొచ్చి ఒక చెయ్యేస్తా. ఒక దినం పని."

"వద్దొద్దు. నువ్వు చెయ్యేస్తే మా బామ్మర్దికి చెప్పుకునేదానికి నాకేం మిగుల్తాది?"

ఖలందర్ ఆ గోడ వైపే కాసేపు చూసి వెళ్లిపోయాడు.

వారం రోజులు ఆఫీసు నుంచి రాగానే అదే పని. జిగురు పొడిని దోసెపిండిలా కలపడం, పలకకు పూయడం, అతికించడం, వంకర పోయిందేమోనని దూరం పోయి చూడడం. విశాలాక్షి పలకలు అందించింది, కారిన జిగురు తుడిచింది, మొగుడు స్టూలు మీద నుంచి పడకుండా పట్టుకుంది. "నేనే" అన్న మాటలో ఆమె వాటా ఎంతో ఆయన ఆలోచించలేదు. శనివారానికి గోడ నిండింది. చూడడానికి నిజంగానే బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆదివారం పొద్దున కాఫీ తాగుతుండగా పైన ఎక్కడో టప్పుమంది. ఆ వెంటనే గోడకు గోడే దిగినట్టు పెద్ద చప్పుడు. జిగురు తప్పేమీ లేదు, అది పట్టిన పట్టు వదల్లేదు. పలకలు పట్టుకున్న పాత సిమెంటు పూతే బరువు మోయలేక, మొత్తంగా ఊడి నేల మీద పడింది.

ఖలందర్ పరుగెత్తుకొచ్చాడు. దుమ్ము సర్దుకున్నాక ముగ్గురూ చూశారు. పూత వెనక చెక్కిన నల్లరాళ్ల గోడ. రాయికీ రాయికీ మధ్య గడ్డిపరక దూరదు. ప్రతి రాయి మీదా ఉలి గీతలు వరుసగా ఉన్నాయి.

అది ఖలందర్ నాయన దావూద్ కట్టిన గోడ. వేదవ్యాస ఉద్యోగంలో చేరిన కొత్తలో, రాతిగోడ పల్లెటూరి వాలకంగా ఉందని, ఆఫీసు వాళ్లొస్తే నామోషీ అని దానికి సిమెంటు పూయించాడు. పూత నిలవాలంటే రాయికి గాట్లు పెట్టాలి. ఆ పనికి దావూద్‌నే పిలిచాడు. "పూసుకో నాయనా, నీ ఇల్లు. గాట్లు మాత్రం నేను పెట్టను, ఇంకోనితో పెట్టించొద్దు" అన్నాడాయన. గాట్లు లేకుండానే పూశారు. దావూద్ పోయి పదేళ్లయింది.

"ఒక్క గాటు గూడా ల్యా సామీ" అన్నాడు ఖలందర్, గోడను అరచేత్తో తడుముతూ. వేదవ్యాసకు ఆయన మొహం చూడాలంటే సిగ్గేసింది.

ఆ రోజే పదకొండు గంటలకు అనంతకృష్ణ దిగుతాడు. ముగ్గురూ కలిసి పెళ్లలన్నీ దొడ్లోకి మోశారు. తడిగుడ్డతో గోడ తుడిచారు. తుడిచేకొద్దీ రాయి నిగనిగలాడింది.

అనంతకృష్ణ గడప దాటి, పులివెందుల నుంచి మోసుకొచ్చిన వెటకారమంతా మరిచిపోయి నిలబడ్డాడు.

"ఏంది బావా ఇది! శానా బాగుంది. మా ఇంట్లోది దీని ముందర ఎందుకూ పనికిరాదు. ఎవరు చేసినారు?"

నెల రోజులుగా ఎదురుచూసిన ప్రశ్న. వేదవ్యాస నోరు తెరిచాడు. తడిగుడ్డ పట్టుకుని గోడ దగ్గరున్న ఖలందర్, నీ ఇష్టం చెప్పుకో అన్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"దావూద్ మామ" అన్నాడు వేదవ్యాస. "ఈ ఖలందర్ వాళ్ల నాయన."

"ఆయన నంబరియ్యి. మా గోడ పీకించి ఆయనతోనే చేయించుకుంటా."

"మా నాయన ఇప్పుడు లేడప్పా" అన్నాడు ఖలందర్. "ఉన్నా ఒప్పుకునేటోడు కాదు. ఒకరింట్లో ఇట్లాంటి గోడే కడితే దాని మీద సిమెంటు పూసినారు. ఆ పొద్దు నుంచి ఇండ్ల పని మానుకున్యాడు. పోయేవరకు గోరీలకే రాళ్లు చెక్కినాడు."

పక్కింట్లోనే ఉంటూ వేదవ్యాస ఈ సంగతి ఏనాడూ అడగలేదు.

"అయ్యో! ఇంత మంచి పని మీద సిమెంటు పూసిన తలకాయ లేనోడు ఎవడప్పా?" అన్నాడు అనంతకృష్ణ.

ఖలందర్ గుడ్డను బకెట్లో ముంచి పిండుతూ ఉండిపోయాడు. విశాలాక్షి మొగుని వైపు చూసింది.

"నేనే" అన్నాడు వేదవ్యాస.