బోర్లా వెయ్యని బొమ్మ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన, మేం ఉద్యోగం మీద వెళ్ళి ఉన్న అరబ్బుల ఊరు అల్ హైల్‌లో అందరికీ చెప్పేవారు. ఉంటుంది మరి. గుండె జబ్బుతో మంచం పట్టి, విమానం కూడా ఎక్కించొద్దని డాక్టర్లు చెప్పిన మనిషి తన బొమ్మ అచ్చు వేయిస్తానని కూర్చుంటే ఏ ఆడదానికి రాదు కోపం?

ఆ పిచ్చి అంటించింది మురాతా గారు. మా ఆయన అక్కడో కంపెనీలో ఇళ్ళ ప్లాన్లు గీసేవారు. వాటిని కట్టించే జపాన్ ఇంజనీరు మురాతా గారు. డెబ్బై ఆరులో సెలవుకెళ్ళి వస్తూ వాళ్ళ తాతల నాటి పుస్తకమొకటి తెచ్చి చూపించారు. చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దినది. పేజీకొక కవి బొమ్మ, దాని పైన ఆ కవి తన మీద తానే చెప్పుకున్న నవ్వులాట పద్యం. అలా తన పేజీ ఒక్కటి చూసుకోవాలని పట్టుకుంది మా ఆయనకు. పోయేలోగా అని ఆయన అనలేదు. నాకు మాత్రం అలాగే వినపడింది.

మురాతా గారు మంచం పక్కన కూర్చుని పల్చటి కాగితం మీద కుంచెతో మా ఆయన ముఖం గీశారు, ఎడమ చెంప మీది పుట్టుమచ్చతో సహా. దాని పైన మా ఆయన గుండ్రటి చేతిరాతతో రాశారు:

ఊరి కెల్ల నిండ్ల నోర్పుతో గీసెడి
చేతి కింటి లోన చేవ లేదు
ఆలి కేక వినగ నాగిపోవును పెన్ను
నవ్వు రాదె నాకు నన్ను జూచి

తన మీద రాసుకోమంటే నన్ను లాగారేమిటని దెబ్బలాడాను. గుండె పట్టుకుని మరీ నవ్వారు.

చెక్కే పని దేవయ్యకు అప్పజెప్పాం. జగిత్యాల వైపు మనిషి, కంపెనీలో వడ్రంగి. ఊళ్ళో ఉండగా ద్వారబంధాల మీద పేర్లు, పూలు చెక్కినవాడు. కాగితాన్ని చెక్క మీద బోర్లా అంటించి, వెనక నుంచి కనబడే గీతల వెంట చెక్కాలని, అప్పుడే అచ్చు తిన్నగా పడుతుందని మురాతా గారు చేతులు తిప్పి మరీ చూపించారు. దేవయ్య తలాడించాడు.

తీరా చెక్క తెచ్చి మా భోజనాల బల్ల మీద అద్దితే అంతా తారుమారు యవ్వారం. అక్షరాలన్నీ వెనక్కి తిరిగాయి. పుట్టుమచ్చ కుడి చెంపకు ఎక్కింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చిలక్కి చెప్పినట్టు చెప్పినా బుర్రకెక్కలేదా అని కడిగేశాను.

దేవయ్య తల వంచుకున్నాడు. "తెల్సమ్మా. సారు మంచాన ఉండె. పానమున్న మనిషి మొకం చెక్క మీద బోర్ల ఎట్ల వెయ్యాలె? నాకు చేతులు రాలె."

ఆ మాట నేను మురాతా గారికి వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే, ఆయన లేచి దేవయ్య ముందు నడుం వంచి నమస్కారం పెట్టారు.

మా ఆయన గడ్డం గీసుకునే అద్దం తెమ్మన్నారు. పట్టుకుని పక్కన కూర్చున్నాను. అద్దంలో అక్షరాలు తిన్నగా నిలబడ్డాయి, మచ్చ ఎడమ చెంపకు వచ్చింది. గొంతెత్తి చదువుకుని దగ్గొచ్చేదాకా నవ్వారు.

"నువ్వూ వచ్చావే పేజీలోకి, శేషూ" అన్నారు. నిజమే, ఆయన బొమ్మ పక్కన నా ముఖం కనబడుతోంది.

అయినా నా మొండితనం నాది. పది మందికీ చూపించుకునేది తిన్నగా ఉండొద్దూ? ఇంకోటి చెక్కమని దేవయ్య వెంట పడ్డాను. సారు లేచి నడిచినంక చేస్తానన్నాడు.

ఆయన లేవలేదు. ఆ వారం కూడా దాటలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆ పేజీని అద్దానికి చూపించేదాన్ని. ఆయన ముఖం, పక్కన బొట్టు లేని నా ముఖం. చివరి పాదం దాకా ఎలాగో చదివేదాన్ని, నవ్వు మాత్రం వచ్చేది కాదు. చచ్చేంత దిగులుగా ఉండేది.

కర్మ అయిపోయాక దేవయ్య వచ్చాడు. చేతిలో నున్నగా చిత్రిక పట్టిన కొత్త చెక్క, మురాతా గారు మళ్ళీ గీసిచ్చిన కాగితం. గడప దాటకుండా నిలబడ్డాడు.

"ఈసారి సక్కగ చేస్తనమ్మా" అన్నాడు. చెక్క నిమురుతూ, నా వంక చూడకుండా అన్నాడు. "ఇప్పుడు బోర్లేసినా ఏం గాదు."

నేను ఇన్నాళ్ళూ పోరింది దానికే. కాగితం అతని చేతిలోంచి లాక్కుని గుండెకు అదుముకున్నాను.

"వద్దు దేవయ్యా" అన్నాను. "ఆయన్ని బోర్లా వెయ్యొద్దు."