జల్లెడ కింద పడ్డది

ఆసుపత్రి లాబ్‌లో అందరూ ఆవిణ్ణి జల్లెడమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, సొంత తమ్ముడే. ఒకసారి అక్క పనేమిటో చూద్దామని వచ్చి, కాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని, "ఇంతేనా అక్కా? రోజంతా జల్లించడమేనా?" అని పగలబడి నవ్వాడు. పోతూ పోతూ ఆ పేరు అంటించి పోయాడు.

వాడన్నది అబద్ధమేం కాదు. రోగి పుండులోంచి తీసిన బాక్టీరియా జన్యువులు అక్షరాల వరసలై తెర మీదికొస్తాయి. వాటిలో ఏది నిజం జన్యువో, ఏది ఉత్త చెత్తో తేల్చాలి. పొడుగాటివాటితో పేచీ లేదు. కణం గోడ కట్టడం, తిండి అరిగించడం లాంటి పెద్ద పనులు చాలావరకు వాటివే. అంత పొడుగున అక్షరాలు ఊరికే కుదరవు. పొట్టివి అలా కాదే! ఎక్కడ పడితే అక్కడ, దేనికీ పనికిరాకుండా కుదురుతూనే ఉంటాయి. అందుకని ఓ కొలత పెట్టుకుని, దానికన్నా పొట్టివాటిని చూడకుండానే పారేస్తారు. ఈ లాబ్‌లో ఆ కొలత పెట్టింది జల్లెడమ్మే. ఎవరైనా కాస్త తగ్గిద్దామంటే చాలు, "ఆ చెత్తంతా ఏరడానికి మీరొస్తారా?" అని గయ్యిమనేది.

ఇప్పుడు ఆ తమ్ముడే కింది అంతస్తులో మంచాన పడి ఉన్నాడు. పాత రేకు తలుపు తీస్తుంటే కాలికి గీసుకుంది, అంతే. ఆ గీత వాచింది, వాపు మోకాలు దాటింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

పొద్దున్నే డాక్టరు పైకొచ్చాడు.

"మేడం, ఒక్క మాట చెప్పండి. ఇది విషం చేసే రకమా, కాదా? అయితే దాన్ని ఆపే మందు ఇప్పుడే మొదలెట్టాలి. కాకపోతే వద్దు. మీవాడి లివర్ అసలే అంతంతమాత్రం, ఆ మందే ముంచుతుంది."

ఆమె చేతులు అలవాటు ప్రకారం పని చేసుకుపోయాయి. జల్లించింది. మళ్లీ జల్లించింది. మిగిలినవాటిలో విషం చేసే జన్యువేదీ లేదు.

"లేదండీ," అంది. హమ్మయ్య అనుకుంది కూడా.

మధ్యాహ్నం వార్డుకి వెళితే తమ్ముడు కళ్లు సగం తెరిచాడు.

"జల్లెడమ్మా, దొరికిందా దొంగ?"

"దొంగా లేదు, దొరా లేదు. మామూలు పురుగే. నోర్మూసుకుని పడుకో."

"నువ్వు చెప్పాక ఇంక తిరుగేముంది," అన్నాడు వాడు.

దుప్పటి సర్దబోయి ఆమె కాలు చూసింది. పాదం దగ్గర్నుంచి నల్లబడుతోంది. మామూలు పురుగైతే కండని ఇలా తినెయ్యదే! పడుతూ లేస్తూ పైకెళ్లి, కొలత తీసేసి, పారేసిన కుప్పంతా ముందేసుకుంది. ఉంది. తెలిసిన విషాలతో పోల్చి చూస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. వేలెడంత లేదు. అది గోడ కట్టదు, తిండి అరిగించదు. మనిషి కణాలకి చిల్లులు పొడిచే విషం చేస్తుంది. ఆ పనికి పొడుగు అక్కర్లేదు.

డాక్టరు అప్పటికప్పుడు మందు ఎక్కించాడు. సాయంత్రానికి తమ్ముడు పోయాడు.

"లోకమంతా పెట్టే కొలతేనండీ, మీ తప్పేం ఉంది," అన్నాడు డాక్టరు. ఆ ఓదార్పుకి ఆమెకి ఒళ్లు మండిపోయింది. విసురుగా బయటికొచ్చేసింది.

వరండాలో బెంచీ మీద తల్లి కొడుకు చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గుండ్రాయిలాంటివాణ్ణి ఏ పురుగు తినేసిందే తల్లీ?"

"దాన్లో ఒక జన్యువుందమ్మా. చాలా చిన్నది."

"అంత చిన్నదైతే నీకు మాత్రం ఎలా కనపడుతుందే, పిచ్చిదానా," అంటూ తల్లి ఆమెని దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

ఆ మాట అలాగే ఉండనిస్తే సరిపోయేది. ఉండనివ్వలేకపోయింది.

"పొద్దున్నే వచ్చిందమ్మా నా చేతికి. నేనే చూడకుండా పారేశాను."

తల్లి ఆమె తల మీంచి చెయ్యి తీసేసింది.